సూర్యకిరణముపై మన గాలి చేసిన సంతకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలకు నావంటివానిని పిలిచినచో భారతమునుండియో వసుచరిత్రమునుండియో రెండు పద్యములు చదివించి కూర్చుండబెట్టుట పరిపాటి. ఈ పర్యాయము కార్యదర్శిగారు శాస్త్రవిషయము చెప్పుమని కోరిరి. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళల కావ్యములు చదువుకొనుట నా వ్యసనము. ప్రయోగశాల గడప త్రొక్కినవాడను కాను. అయినను నేను చెప్పబోవునది కూడ ఒక విధమైన లెక్కల విషయమే గనుక ధైర్యము చేసితిని.

మన నెత్తిమీద రమారమి 15 కిలోమీటర్ల ఎత్తునుండి 50 కిలోమీటర్ల వరకు వ్యాపించియున్న గాలిపొరను స్ట్రాటో ఆవరణమందురు. మేఘములు, వానలు, తుపానులు చాలవరకు దానికి క్రిందనే ముగియును. ఆ పొరలో కొన్ని వాయువులు మిక్కిలి కొద్దిగా, నూరుకోట్ల పాళ్ళ గాలిలో రెండు మూడు పాళ్ళు మాత్రమే ఉండును. వాటిని లేశవాయువు లనుకొందము. ఆ లేశమును నేలమీద నిలిచియే, సూర్యకాంతిని పరీక్షించి, శాస్త్రజ్ఞులు కొలుచుచున్నారు. కొన్ని మాసముల క్రిందట మన పఠనమందిరమున ఈ మాట రాగా ఒక పిన్నవాడు, "పైకి పోయి చూచినవా రెవరండీ?" అని అడిగెను. సరియైన ప్రశ్న. పొలముమీదికి పోకుండ అడంగలు వ్రాసినచో ఎవరొప్పుకొందురు? ఆ పిల్లవానికి ఆనాడు నేను చెప్పిన జవాబు నాలుగు మాటలలో ముగిసినది. దానినే నేడు కొంత విస్తరించి చెప్పెదను.

సూర్యకాంతిని గాజు పట్టకముగుండ పంపినచో ఇంద్రధనుస్సువలె రంగులు విడివడునని అందరమెరుగుదుము. ఆ రంగుల పట్టీ పేరు వర్ణపటము. కాంతిని సన్నని చీలికగుండ రానిచ్చి, ఆ పటమును బాగుగ సాగదీసి చూచినచో అది అఖండముగ నుండదు. నడుమ నడుమ నల్లని గీతలు కానవచ్చును. 1814 ప్రాంతమున జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ అను కటకముల నిపుణుడు అట్టి గీతలను ఐదువందలకు పైగా గుర్తించి పటము గీచెను. అవి యేమో ఆయనకు తెలియలేదు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అను పండితులు ఆ ముడి విప్పిరి. ప్రతి పదార్థమునకును తనవియైన కొన్ని రంగులు కలవు. మండునప్పుడు ఆ రంగులనే వెలువరించును; తనకంటె వేడియైన వెలుగునకు అడ్డము వచ్చినప్పుడు సరిగా ఆ రంగులనే హరించును. ఒక వీణపై తీగ మీటినప్పుడు ప్రక్కనున్న వీణలో అదే శ్రుతికి బిగించిన తీగ తనంత తాను కదలుట మీరు చూచియే యుందురు. ఇదియు నట్టిదే. నల్లగీత యనగా ఏదో ఒక పదార్థము ఆ కిరణమునుండి తన పాలు పుచ్చుకొని, అందుకు సంతకము పెట్టి పోయిన చోటు.

ఇక్కడ ఒక చిక్కున్నది. కిరణము సూర్యుని పైపొరల వాయువులను దాటి, ఆపైన మన గాలిని దాటి కంటికి చేరును. కాబట్టి రెండు కచేరీల సంతకములు ఒకే కాగితముమీద పడినవి. ఏది యెవరిది? సాయంకాలపు సూర్యుని చూచునప్పుడు కొన్ని గీతలు మరింత నల్లబడుటను బ్రూస్టర్ అను స్కాట్లండు పండితుడు ముందే గమనించెను. మధ్యాహ్నము కిరణము నిట్టనిలువుగ దిగును. సాయంకాలము ఏటవాలుగ అనేక రెట్లు గాలిలో ప్రయాణము చేయును. నల్లబడిన గీతలు మన గాలివే కావలెనని అనుమానము. అనుమానమును రుజువుగ మార్చినవాడు పియేర్ జాన్సెన్ అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామున నిలిచి ఆ పేరు చెప్పుట నాకు ముచ్చటగ నున్నది. కాని నేను ఆయనను తలచుటకు కారణము అది కాదు. ఆయన మన తెలుగుదేశమునకు వచ్చిన మనిషి.

మొదట ఆయన రుజువులు వినుడు. వాటిని చదివినప్పుడు నాకు కలిగిన ఆనందము ఏ ప్రబంధములోని వర్ణన చదివినప్పుడు కలిగినదానికిని తీసిపోదు. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అను ఊరిలో కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించెను. తాను 21 కిలోమీటర్ల దూరమున జెనీవా నగరములోని దేవాలయ శిఖరమెక్కి ఆ మంటను వర్ణపటదర్శినితో చూచెను. దగ్గరనుండి చూచినప్పుడు లేని నల్లగీతలు అంత దూరమునుండి చూడగా కనబడెను. కట్టెల మంటలో సూర్యుడు లేడు గదా! నడుమనున్నది గాలి ఒక్కటే. అంతటితో తృప్తిపడక, గాలిలోని యే పదార్థమో తేల్చుటకు 1866లో పారిసు నగరములో లా విలెట్ అనుచోట గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవుగల ఇనుపగొట్టమును ఆవిరితో నింపి, ఒక కొస దీపములుంచి రెండవ కొసనుండి చూచెను. సాయంసూర్యునిలో నల్లబడు గీతలలో ఒక జట్టు అచ్చముగ అందు ప్రత్యక్షమైనది. అది నీటియావిరి సంతకమని తేలినది.

ఇక మన దేశపు కథ. 1868 ఆగస్టు 18వ తేది, విభవ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారమునాడు సంపూర్ణ సూర్యగ్రహణము. దాని నీడదారి గుంటూరు, మచిలీపట్నములమీదుగ పోయినది. జాన్సెన్ మద్రాసునుండి సముద్రమార్గమున మచిలీపట్నము చేరి, అచ్చటినుండి గుంటూరు పోయి, ఒక ఫ్రెంచి వర్తకుని యింటిలో దిగి తన పరికరములను నిలిపెను. అదే గుంటూరున ఇంగ్లీషువారి తరఫున టెనెంట్ అను సైనికాధికారి, మచిలీపట్నమున మద్రాసు వేధశాలాధ్యక్షుడు పోగ్సన్ విడివిడిగ సిద్ధముగ నుండిరి. సూర్యబింబము పూర్తిగ కప్పబడిన ఆ కొద్ది నిమిషములలో అంచున ఎర్రని జ్వాలలు కనబడెను. వాటిని వర్ణపటదర్శినితో చూడగా నల్లగీతలకు మారుగ మెరయుచున్న గీతలుండెను. అనగా అవి మండుచున్న వాయువులు. అందు ముఖ్యమైనది జలజనకము. ఇంతవరకు పలువురు చూచిరి. జాన్సెన్ విశేషమేమనగా, ఆ గీతలు అంత ప్రకాశవంతముగ నున్నప్పుడు గ్రహణము లేకున్నను చూడవచ్చునని ఆ క్షణమున తోచి, మరునాడు ఉదయము మామూలు సూర్యునిలోనే వాటిని పట్టుకొనెను. అప్పటివరకు గ్రహణమునకై ఏండ్ల తరబడి వేచియుండి నాలుగైదు నిమిషములు చూచువారు. గుంటూరునుండి ప్రతిదినమును గ్రహణదినమైనది.

హీలియము గుంటూరులోనే కనిపెట్టబడినదని మనవారు సభలలో చెప్పుట, వ్యాసములలో వ్రాయుట కలదు. తెలుగువాడనై ఆ కీర్తిని కాదనుటకు మనసొప్పదు గాని, లెక్క లెక్కయే. జ్వాలలలో కనబడిన పసుపుపచ్చ గీత ఏ తెలిసిన పదార్థమునకును చెందదనియు, అది క్రొత్త మూలకమనియు తరువాత వాదించి నిలిపినవాడు ఇంగ్లండులోని లాకియర్. అదే సంవత్సరము అక్టోబరులో గ్రహణము లేకుండ జ్వాలలను ఆయనయు చూచెను. ఆ వాయువును భూమిమీద 1895లో రామ్సే ఒక ఖనిజమునుండి వెలికితీసెను. జాన్సెన్, లాకియర్ లిరువురి ముఖములతో ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఒక పతకము వేయించినది. గుంటూరు పద్దున న్యాయముగ జమ కావలసినది మూలకము కాదు, పద్ధతి. నా మట్టుకు అదియే పెద్ద మొత్తమని తోచును.

గ్రహణము కాగానే జాన్సెన్ ఇంటికి పోలేదు. ఎత్తునకు పోయినకొలది గాలి గీతలు సన్నగిల్లునో లేదో చూచుటకు హిమాలయప్రాంతమున సిమ్లాకు పోయెను. 1889లో ఈఫిల్ గోపురముమీది విద్యుద్దీపమును 7 కిలోమీటర్లకు పైబడిన దూరమున మ్యూడాన్ నుండి చూచి ప్రాణవాయువు గీతలను పరీక్షించెను. మరుసటి యేడు, 66 ఏండ్ల వయస్సున, ఐరోపాలో మంచుకొండలలో ఉన్నతమైన మోఁబ్లాఁ శిఖరమునకు బయలుదేరెను. బాల్యమునుండి ఆయనకు ఒక కాలు కుంటి. కూలీలు మంచుబండిమీద కూర్చుండబెట్టి పైకి లాగిరి. సూర్యుని రథసారథి అరుణుడు అనూరుడని, తొడలు లేనివాడని మన పురాణములు చెప్పును. ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల నాకు ఆ అరుణుడే జ్ఞప్తికి వచ్చును.

అరుణుని పేరు మరియొకందుకు కూడ కావలెను. వర్ణపటమున ఎరుపు తుదిరంగు. 1800లో హెర్షెల్ ఆ ఎరుపునకు ఆవల, కంటికేమియు కనబడని చోట, ఉష్ణమాపకమునుంచి చూడగా అచ్చట వేడి హెచ్చెను. ఆ కనబడని వెలుగునకు మనవారు పరారుణమని పేరుపెట్టిరి. మన కథలో అసలైన పొలము ఇదియే. రెండు మూడు పరమాణువులు కలిసిన అణువులు స్ప్రింగుతో కట్టిన గుండ్లవలె కదలాడుచుండును. వాటి కదలికల శ్రుతులు చాలవరకు పరారుణమున పడును. ఇందొక అదృష్టమున్నది. గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నత్రజని, ప్రాణవాయువులే. అవి రెండును పరారుణమున దాదాపుగ మౌనము వహించును. పెద్దరైతులిద్దరును నోరు మెదపకుండుటచేత చిన్నవారి గొంతులు కచేరీలో వినబడుచున్నవి.

ఆ గొంతులు మొదట ఒక్కొక్కటిగ వినబడెను. 1939లో ఆడెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సూర్యుని పరారుణ వర్ణపటములో నైట్రస్ ఆక్సైడును గుర్తించెను. 1948లో మిజోత్ అను బెల్జియము దేశస్థుడు మీథేనును గుర్తించెను. గాలిలో ఈ వాయువు లున్నవను సంగతియే ఆ విధముగ తెలిసినది. ఎవరును కూజాతో గాలి పట్టి తెచ్చి కాదు. ఈ రెండును మనకు పరాయివి కావు. నీరు నిలిచిన వరిమడిలో కాలు దించినప్పుడు బుడబుడ పైకి వచ్చు బుడగలలో మీథేను కలదు. మడిలో చల్లిన యూరియాలో కొంతభాగము సూక్ష్మజీవుల చేతబడి నైట్రస్ ఆక్సైడై లేచిపోవును. అది నూరేండ్లకు పైబడి గాలిలో నిలిచి, క్రమముగ స్ట్రాటో ఆవరణము చేరి, అచ్చట ఓజోనునకు హాని చేయును. గోదావరి యిరుప్రక్కల మనము వేయు పంటకు ఆకాశమున కూడ ఒక ఖాతా యున్నదని రైతుసోదరులు గ్రహింపగోరెదను. పంట మానుమని కాదు. నీరును ఎరువును కావలసినంతకే వాడుట మన పెట్టుబడికిని మంచిదే గదా.

మిజోత్ 1950, 51 సంవత్సరములలో స్విట్జర్లండున 3580 మీటర్ల ఎత్తుననున్న యుంగ్‌ఫ్రౌయోక్ అను కొండకనుమమీద సూర్యుని పరారుణ పటములు తీసెను. ఆనాటి ఉద్దేశము గాలి లెక్క కాదు; సూర్యుని పటమును గీచుకొనుట. గాలి గీతలు ఆ పనికి అడ్డు. అయినను ఆ కాగితములను పారవేయలేదు. 1985లో తరువాతి తరమువారు ఆ 1951 నాటి పటములను మరల విప్పి అందలి మీథేను గీతలను కొలిచి, అప్పటికంటె ఇప్పుడు మీథేను ఎంతో పెరిగినదని చూపిరి. 1951 నాటి గాలిని ఎవరు తిరిగి తేగలరు? ఆ కాగితముమీద మాత్రము అది నిలిచియున్నది. పాత దస్తరములకు చెదలు మందు కొట్టించుటకు రొక్కమడిగినప్పుడెల్ల "ఆ చెత్త యెందుకండీ" అను పెద్దలు ఈ సభలో ఎవరైన నున్నచో ఈ ఒక్క సంగతి దయతో గుర్తుంచుకొందురు గాక.

పిల్లవాని ప్రశ్నలో మిగిలిన సగము: వాయువున్నదని తెలియుగాక, ఎంత ఎత్తున నున్నదో నేలమీదివారికి ఎట్లు తెలియును? గీత ఆకారమువలన తెలియును. క్రింది గాలి దట్టము. అణువులు సంతనాటి జనమువలె ఒకదానినొకటి త్రోసికొనుచుండును. ఆ త్రోపులాటలో వాటి స్వరము చెదరి గీత వెడల్పగును. పైగాలి పలుచన, అచ్చటి అణువు రేవున ఒంటిగ నిలిచి పాడుకొను పడవవానివలె తన స్వరమును స్పష్టముగ పలుకును, గీత సన్నముగ నుండును. ఒకే వాయువు క్రిందను మీదను ఉన్నచో వెడల్పాటి గీత నడుమ సన్నని గాటు పడును. ఆ ఆకారమును గణితముతో విడదీసి ఏ పొరలో ఎంత అని చెప్పుదురు. గజముబద్దతో కొలిచినంత నిశితముగ కాదు, పొరలు పెద్ద పెద్దవిగనే వచ్చును. మొత్తము రాశి మాత్రము బాగుగ తేలును.

నేటి యంత్రమునకు పట్టకము లేదు. ఇంటికప్పుమీద ఒక అద్దము సూర్యుని వెంబడి తిరుగుచు కిరణమును లోనికి పంపును. లోన సగము పూత గల అద్దము ఆ కిరణమును రెండుగ చీల్చును. ఒక పాయ నిలిచియున్న అద్దమునుండి, రెండవ పాయ జరుగుచున్న అద్దమునుండి తిరిగివచ్చి కలియును. జరిగినకొలది ఒక్కొక్క రంగు ఒక్కొక్క లయలో హెచ్చుచు తగ్గుచుండును. యంత్రము వ్రాసికొనునది ఆ మొత్తమును మాత్రమే. పదిమంది రైతులు పది రకముల వాయిదాలలో చెల్లించగా రోజువారీ మొత్తములు మాత్రమే చిట్టాలో నున్నవనుకొనుడు; వాయిదాల వరుస తెలిసినచో ఎవరెంత చెల్లించిరో విడదీయవచ్చును. ఫూరియే అను ఫ్రెంచి గణితజ్ఞుడు చూపిన మార్గమున కంప్యూటరు ఆ పని చేయును. మబ్బు పట్టినచో పని ఆగును. సూర్యుడే దీపము గనుక రాత్రి సెలవు.

ఇక ఇంత శ్రమకు ప్రయోజనము. రిఫ్రిజిరేటర్లలోను, చిమ్ముడు డబ్బాలలోను వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు క్రింద ఎవరికిని హాని చేయవు, కరగవు, విరుగవు. ఆ సాధుత్వమే ముప్పు తెచ్చినది. అట్లే పైకి చేరి, స్ట్రాటో ఆవరణమున తీక్ష్ణమైన సూర్యకాంతికి విరిగి క్లోరినును విడుచును. ఒక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయగలదు. ఈ సంగతిని మోలినా, రోలండ్ అనువారు 1974లో హెచ్చరించిరి. ఓజోనంతయు సముద్రమట్టపు గాలి ఒత్తిడికి తెచ్చి పరచినచో 3 మిల్లీమీటర్ల మందముండును; మన ప్రాంతమున ఇంకను తక్కువ. పగలంతయు ఎండలో వల విసరువానికిని, నాట్లు వేయు ఆడబిడ్డకును అతినీలలోహిత కిరణములనుండి కాపు ఆ పలుచని గొడుగే. 1985లో దక్షిణధ్రువముపై ఆ గొడుగునకు చిల్లి పడినదని బ్రిటిషువారు ప్రకటించిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరమున ఆ పదార్థములను తగ్గించుటకు దేశములు ఒడంబడిక చేసికొనెను.

ఒడంబడిక సరే, అమలైనదని చెప్పువా రెవరు? పైన క్లోరిను చాలవరకు హైడ్రోజను క్లోరైడను వాయువుగ నిలువయుండును. దానికి పరారుణమున చక్కని సంతకమున్నది. యుంగ్‌ఫ్రౌయోక్ మీద లియేజ్ విశ్వవిద్యాలయమువారు ఏండ్ల తరబడి దానిని కొలుచుచు వచ్చిరి. 1991 నుండి ఆర్కిటిక్ దీవులు మొదలు అంటార్కిటికా వరకు ఇట్టి కేంద్రములు ఒక సంఘముగ ఏర్పడి ఒకే రీతి లెక్కలు వ్రాయుచున్నవి. 1990-2000 నడుమ ఆ వాయువు పెరుగుదల ఆగి, తరుగుట ఆరంభమైనది. అంతలో 2007 తరువాత ఉత్తరార్ధగోళమున మరల పెరుగుట కనబడెను! నేలమీద క్లోరిను గల వాయువులు తగ్గుచుండగా పైన నిలువ హెచ్చుటేమి? ఎవరైన దొంగచాటుగ వదలుచున్నారా? లెక్కలవానికి గుండె ఝల్లుమను ఘట్టము. 2014లో కారణము ప్రకటించిరి. పైగాలి ప్రసరణ కొంతకాలము మందగించినది. గాలి పైన ఎక్కువ కాలము నిలిచిపోవుటచేత అందలి పాత పదార్థము మరింతగా విరిగి హైడ్రోజను క్లోరైడైనది. దొంగతనము కాదు, బట్వాడాలో ఆలస్యము. ఇరువదేండ్ల ఎడతెగని లెక్క లేనిచో ఈ రెంటికి భేదము తెలియకపోయెడిది.

పైకి పోయి చూచినవారును కలరు. హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూను కేంద్రమునుండి 1987లోను 1990లోను, అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలవారును జర్మనీ శాస్త్రజ్ఞులును కలిసి, అతిశీతల పాత్రలను బెలూనుకు కట్టి స్ట్రాటో ఆవరణపు గాలిని పట్టి దించి, ఈ లేశవాయువులను కొలిచిరి. అందు క్లోరోఫ్లోరోకార్బనులు మన తెలుగునేలపై ఆకాశమున నున్నట్లు తేలినది. హైదరాబాదునకు సమీపముననున్న షాద్‌నగరున జాతీయ దూరసంవేదన కేంద్రమువారు నేను వర్ణించిన రీతి యంత్రముతోనే సూర్యుని పరారుణకాంతినుండి బొగ్గుపులుసుగాలిని, మీథేనును కొలిచిరి. బెలూను తెచ్చునది ఒకనాటి గాలి. అద్దము ఎండ కాసిన ప్రతిదినము లెక్క చెప్పును. ఒకటి జమాబందీ, ఒకటి దినచిట్టా. రెండును కావలెను.

సభ ముగిసిన పిమ్మట పిల్లలు పడమటి కిటికీ వద్దకు రాగలరు. ఒక అట్టపెట్టెకు బ్లేడుతో సన్నని చీలిక చేసి, లోన ఒక పాత సీడీ బిళ్ళను ఏటవాలుగ అమర్చి యుంచితిని. పెట్టెను వెలుగుగల ఆకాశమువైపు త్రిప్పి చూడవలెనే గాని సూర్యుని సూటిగ చూడరాదు, కన్ను పోవును. రంగుల నడుమ గీతలు కనబడును. నేడొకసారి చూచి, రేపు మధ్యాహ్నము మరల చూడుడు. ఎరుపు కొసనుండు గీతలలో సాయంకాలము నల్లబడి మధ్యాహ్నము పలుచబడునవి మన గాలివి. ఎప్పుడును ఒకేరీతి నుండునవి సూర్యునివి.